ఇంకా బాగవలేదండీ

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధనలో పాస్టర్‌గారు ఎప్పట్లాగే "సాక్ష్యాలున్నవాళ్లు ముందుకు రండి" అన్నారు. ఇద్దరు వెళ్లారు. ఒకాయన కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇంకొకావిడకు నాలుగేళ్లుగా ఆగిపోయిన స్థలం రిజిస్ట్రేషన్ అయింది. అందరం చప్పట్లు కొట్టాం, స్తోత్రం అన్నాం. తర్వాత ఏమనుకున్నానో ఏమో, నేనూ లేచి వెళ్లి మైకు పట్టుకుని "మావారికి ఇంకా బాగవలేదండీ" అన్నాను.

అంతే, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. అందరూ నా నోట్లోంచి 'కానీ' అనే మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. ఎందుకంటే మన సాక్ష్యాలన్నీ 'కానీ' మీదే తిరుగుతాయి కదా, డాక్టర్లు చెయ్యి వదిలేశారు కానీ ప్రభువు, అప్పులు మెడ దాకా వచ్చాయి కానీ ప్రభువు. నా దగ్గర ఆ 'కానీ' లేదు. "మూడేళ్లయింది, వారానికి మూడు రోజులు డయాలసిస్ నడుస్తోంది, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి, వందనాలు" అని మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నాను. చప్పట్లు రాలేదు. వెనక నుంచి ఎవరో ఒకరు మాత్రం మెల్లగా స్తోత్రం అన్నారు, అదీ అనొచ్చో లేదో తెలియనట్టు.

కూడిక అయ్యాక చెప్పులేసుకునే చోట ముగ్గురు ఆడవాళ్లు నన్ను ఆపారు, ఒకరి తర్వాత ఒకరు. ఒకావిడ కూతురికి పెళ్లై తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఒకామె భర్త తాగుడు మానలేదు. ఇంకొకామె ఏమీ చెప్పకుండా నా చెయ్యి పట్టుకుని "మాకూ ఇంకా అవలేదమ్మా" అని వెళ్లిపోయింది. ఏది అవలేదో నేనూ అడగలేదు. ఈ ముగ్గురినీ నేను పదేళ్లుగా ప్రతి ఆదివారం చూస్తున్నాను, ఒక్కసారి కూడా ముందుకొచ్చి మాట్లాడగా వినలేదు. పని జరిగిపోయినవాళ్లకే మైకు ఇస్తున్నాం, మధ్యలో ఉన్నవాళ్లకు కాదు. అందుకే ఇది రాస్తున్నాను, మధ్యలో ఉండి.

మాది ఒంగోలు. మావారికి చిన్న జిరాక్స్ షాపు, నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను. ఆయనకు బీపీ ఉందని మాకు తెలిసేసరికే అది కిడ్నీలను తినేసింది. తలనొప్పి వస్తే అమృతాంజనం రాసుకుని పడుకునే మనిషి. కాళ్లు వాస్తుంటే ఎక్కువసేపు నిలబడటం వల్లనుకున్నాం, అన్నం చూస్తే వాంతి వస్తుంటే గ్యాస్ అనుకున్నాం. రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ 11 దాటింది. మామూలుగా అది ఒకటికి కాస్త అటూ ఇటూ ఉండాలట. ఆ రాత్రే మెడ దగ్గర గొట్టం వేసి మొదటి డయాలసిస్ చేశారు.

తర్వాత ఎడమ చేతికి ఫిస్టులా పెట్టారు. తెలియనివాళ్లకు చెప్తున్నాను, చేతిలో ఉండే ధమనిని, సిరను కలిపి కుట్టేస్తారు, సూదులు గుచ్చడానికి వీలుగా ఆ సిర లావెక్కుతుంది. అది పనికి రావడానికి నెలన్నర పైనే ఆగాలి. చెయ్యి పెట్టి చూస్తే లోపల జివ్వుజివ్వుమంటూ ఉంటుంది, ఒళ్లో పడుకున్న పిల్లి గుర్రుపెట్టినట్టు. ఆ చేతికి బీపీ చూడకూడదు, బరువులు ఎత్తకూడదు, దాని మీద పడుకోకూడదు. అది ఆడుతోందా లేదా రోజూ చూసుకోవాలి, ఆగిందంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే మొదటి షిఫ్టు, నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఉంది కాబట్టి డయాలసిస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, అది చిన్న మేలు కాదు, అందుకు నేను దేవునికీ స్తోత్రం చెప్తాను, ఆ పథకం పెట్టినవాళ్లకూ దండం పెడతాను.

కానీ (ఇదిగో, నాకూ ఒక 'కానీ' దొరికింది) ఆ నాలుగు గంటలకంటే కష్టమైంది దాహం. రోజుకు లీటరు లోపే నీళ్లు, కాఫీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లీటరులోనే. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. ఒంగోలు మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన ఒక ఐసు ముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగే దాకా ఫ్యాను కింద కళ్లు మూసుకుని కూర్చుంటారు. మా అమ్మాయి వంటింట్లో ట్యాపు తిప్పేటప్పుడు చప్పుడు రాకుండా గిన్నె అడ్డం పెట్టడం నేర్చుకుంది, ఎవరూ చెప్పకుండానే.

మా సంఘంలో గుడ్‌ఫ్రైడేకి సిలువ మీద పలికిన ఏడు మాటలు ఏడుగురికి పంచుతారు. ఎక్కువ మంది మొదటి మాటో రెండో మాటో కావాలంటారు, క్షమాపణ గురించో పరదైసు గురించో బాగా చెప్పుకోవచ్చని. ఒక ఏడాది ఈయన తనే అడిగి ఐదో మాట తీసుకున్నారు, "దప్పిగొనుచున్నాను." అందరూ ఆత్మల కోసం యేసుకున్న దప్పిక గురించి చెప్తారు ఆ మాట మీద. ఈయన ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేదు. "నాకు ప్రసంగం రాదండీ, నాలుక అంగిలికి అంటుకుపోవడం అంటే ఏంటో మాత్రం తెలుసు. ఆయనకూ తెలుసని ఈ మాట వల్లనే నాకు తెలిసింది" అని వచ్చి కూర్చున్నారు. మూడేళ్లలో నన్ను నిలబెట్టిన మాటలు లెక్కపెడితే పది ఉంటాయేమో, అందులో ఇదొకటి.

మిగతావాళ్లు ఓదార్చిన తీరు గురించి కూడా రాయాలి, కోపంతో కాదు, సరే కొంచెం కోపంతోనే. "దేవుని టైమ్ ఉంటుందమ్మా" అంటారు. "తట్టుకోలేని శోధన ఆయన ఇవ్వడు" అంటారు. ఇవి తప్పు మాటలని అనను, చెప్పి వెంటనే స్కూటీ ఎక్కి వెళ్లిపోవడానికి వీలుగా ఉండే మాటలు, అంతే. పొరుగూరి నుంచి వచ్చిన ఒక బోధకుడైతే ఏదో దాచిన పాపం ఉంది, అది ఒప్పుకుని విశ్వాసంతో ఆ మిషను మానేస్తే స్వస్థత వస్తుందన్నాడు. మావారు చాలా మర్యాదగా "అయ్యగారూ, ముందు మీరు ఆ కళ్లజోడు తీసి ఒక అధ్యాయం చదివి వినిపించండి" అన్నారు. ఆయన మళ్లీ మా ఇంటికి రాలేదు. బైబిల్లో జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు దేవుడే పదిహేనేళ్ల ఆయుష్షు పెంచాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపుపండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు కదా, మరి అదేంటి, అవిశ్వాసమా? ఎవరైనా డయాలసిస్ మానేయమంటే దయచేసి వినకండి. ఇది చదివేవాళ్లలో ఆ ఆలోచనలో ఎవరున్నా, మీ అక్క చెప్పిందనుకోండి.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు సంగతి కూడా అంతే. "యోబు సహనం" అని మనం సామెతలా వాడేస్తాం. ఆ పుస్తకం మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం చదివి మధ్యలోవి వదిలేస్తే అలాగే అనిపిస్తుంది. మధ్యలో ఆయన నోరు మూసుకుని ఏమీ లేడు. పుట్టిన రోజును శపించుకున్నాడు, దేవుణ్ణి నిలదీశాడు, స్నేహితుల మీద విరుచుకుపడ్డాడు. ఆ స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద ఊరికే కూర్చున్నంతసేపూ మంచివాళ్లే, నోరు తెరిచాకే చెడిపోయారు. చివరికి దేవుడు వాళ్లతో ఏమన్నాడు? నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. దేవుణ్ణి వెనకేసుకొచ్చినవాళ్లవి తప్పు మాటలయ్యాయి, మొరపెట్టుకున్నవాడివి సరైన మాటలయ్యాయి. యాకోబు పత్రికలో మనకు ఓర్పుకు మాదిరిగా చూపించింది కూడా ఈ మనిషినే.

88వ కీర్తన ఒకసారి తీసి చూడండి. కీర్తనల్లో ఏడుపుతో మొదలై స్తుతితో ముగిసేవి చాలా ఉన్నాయి, ఇది అలా ముగియదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అక్కడ 'కానీ' లేదు. అయినా అది బైబిల్లో ఉంది, గుళ్లో పాడుకోవడానికి రాసి పెట్టారు. మనం మాత్రం ఆదివారం దాన్ని ఎప్పుడూ చదవం.

తెలుగు బైబిల్లో నాకు బాగా ఇష్టమైన మాట 'కనిపెట్టు'. "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని" అని 40వ కీర్తన. చిన్నప్పుడు ఇది నాకు అర్థమయ్యేది కాదు, స్కూల్లో ఎడిసన్ బల్బు కనిపెట్టాడని చదివేవాళ్లం, మరి దావీదు యెహోవాను కనిపెట్టడమేంటని అడిగితే మా నాన్న నవ్వి, "చేను కనిపెట్టుకుని ఉండటం లేదూ, అదే" అన్నారు. మాది సంతనూతలపాడు వైపు పల్లె. జొన్న కంకి మీదున్నప్పుడు మంచె మీద నాన్న, చేతిలో వడిసెల, పిట్టలు దిగగానే అరుపు. మంచె మీద కూర్చున్నవాడు గింజను పెంచలేడు, వానను దింపలేడు. అలాగని నిద్రపోడు. కనిపెట్టుకుని ఉండటమంటే అదీ. మంచంలో రోగి ఉంటే "కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా" అని నర్సు కూడా అదే మాట అంటుంది. 'నిరీక్షణ' అనే మాటా అంతే, బయట దానర్థం ఎదురుచూపు, మన బైబిల్లో అర్థం ఆశ. ఈ రెంటికీ ఒకే మాట వాడినవాళ్లకు ఏదో తెలిసే వాడి ఉంటారనిపిస్తుంది నాకు.

ఇక కిడ్నీ మార్పిడి సంగతి. నేను ఇస్తానన్నాను. పరీక్షల్లో నాకు షుగర్ ఉందని తేలింది, అప్పటిదాకా నాకే తెలియదు, వద్దన్నారు. అత్తయ్యగారికి డెబ్బై దాటాయి. అందుకని జీవన్‌దాన్‌లో పేరు రాయించాం, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల కుటుంబాలు ఒప్పుకుంటే ఆ అవయవాలను వరుసలో ఉన్నవాళ్లకు ఇస్తారు కదా, అది. ఇక్కడి నుంచి నా ప్రార్థన చిక్కులో పడింది.

స్త్రీల కూడికలో ఒకరోజు ఒక అక్క నా కోసం గట్టిగా ప్రార్థించింది, "ప్రభువా, త్వరగా కిడ్నీ దయచేయి, ఈ నెలలోనే దయచేయి" అని. అందరూ ఆమెన్ అన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఈ నెలలోనే కిడ్నీ రావడమంటే ఈ నెలలో ఎవరో ఒకరు బైకు మీద నుంచి పడాలి. ఎవరో తల్లి ఐసీయూ బయట కూలబడాలి. నేను అడుగుతున్నది అదేనా? అడగకుండా ఉందామంటే ఇంట్లో ఐసు ముక్క చప్పరిస్తున్న మనిషి కనబడతాడు. దీనికి నాకు ఇప్పటికీ సమాధానం లేదు. పాస్టర్‌గారిని అడిగాను, ఆయన చాలాసేపు ఆలోచించి "నాకూ తెలియదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మీద గౌరవం రెట్టింపయింది.

పోయిన ఏడాది వానల్లో ఒక రాత్రి పదిన్నరకు ఫోను. దాత ఉన్నారు, మీతో కలిపి ముగ్గురిని పిలుస్తున్నాం, ఏమీ తినకుండా బయల్దేరండి అన్నారు. కారు మాట్లాడుకుని హైవే ఎక్కాం, విజయవాడ దాకా వాన. పాస్టర్‌గారు స్పీకర్ ఫోనులో ప్రార్థించారు, డ్రైవరు కుర్రాడు హిందువే, తనూ ఆమెన్ అన్నాడు. రక్తం తీసుకుని, ఎవరికి కలుస్తుందో చూసే క్రాస్‌మ్యాచ్‌కి పంపారు, గంటలు పడుతుందన్నారు. నేను కూర్చున్న బెంచీ మీదే ఇంకొకామె. వాళ్లమ్మాయికట, డిగ్రీ చదువుతోందట. ఆమె గుప్పిట్లో దుర్గమ్మ కుంకుమ పొట్లం, నా ఒళ్లో చిన్న బైబిలు. మధ్యలో ఆమె తెచ్చుకున్న ఫ్లాస్కు. ఇద్దరం ఒకే కిడ్నీని అడుగుతున్నాం, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, అయినా ఆమె నాకు టీ పోసింది.

పొద్దున ఎనిమిదింటికి చెప్పారు. అమ్మాయికి కలిసింది.

వచ్చేదారిలో చిలకలూరిపేట దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. ఈయన రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చేసి "పాపం, ఆ పిల్లకు ఇరవయ్యేళ్లు కూడా లేవు, కదూ" అని కారెక్కి నిద్రపోయారు. నేను అంత మంచిదాన్ని కాదు. రెండు వారాలు ప్రార్థన చేయలేదు, బైబిలు తెరవలేదు. మోకరించినా నోట్లోంచి ఒకే ఒక్క మాట వచ్చేది, "ఎంతవరకు?" అని. చాలా రోజుల తర్వాత 13వ కీర్తన కళ్లబడింది, అదే ప్రశ్నతో మొదలవుతుంది, "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" నేను ప్రార్థన మానేశాననుకున్న రోజుల్లో చేసింది ప్రార్థనేనన్నమాట.

ఇప్పుడు రాత్రిళ్లు నేను చేసే ప్రార్థన ఇది. "ఈ రాత్రి రోడ్ల మీద ఉన్నవాళ్లందరినీ క్షేమంగా ఇళ్లకు చేర్చు. ఎవరిదైనా ఘడియ వచ్చేసి ఉంటే, వాళ్లింటివాళ్లకు ఆ ఒక్క నిమిషంలో ధైర్యం ఇవ్వు." మొదటి మాట మా పేరుకు అడ్డం పడుతుందని తెలుసు. రెండూ అడుగుతున్నాను. ఈ రెంటినీ ఎలా కలుపుతాడో ఆయనే చూసుకోవాలి, నావల్ల కాదు. నమ్మకం అంటే నాకిప్పుడు అంతవరకే తెలుసు. నా పేరు కూడా దాతగా రాయించాను, షుగర్ ఉన్నా ఏదో ఒకటి పనికొస్తుందేమో అప్పుడు చూస్తార్లే.

డయాలసిస్ సెంటర్లో ఈయన పక్క మంచం ఒక ముసలి సాయిబుగారిది. నేనెప్పుడైనా ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుంటే "సబర్ అమ్మా, సబర్" అంటారు, ఓర్చుకోమని. ఆయనది ఏడో సంవత్సరం. ఆయన నోట్లోంచి వస్తే ఆ మాట ఎందుకో గుచ్చుకోదు, స్కూటీ ఎక్కి వెళ్లిపోయే మనిషి కాదు కదా, నాలుగు గంటలూ అక్కడే ఉంటారు.

మా ఊళ్లో ఉన్నవాళ్లకు ప్రార్థన కొండ గురించి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం రాస్తాను, ఎలాగూ సోషల్ టీచర్ని. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డేతో మొదలైంది. ఆయన 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచాయి, మారినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. వాళ్ల మ్యాపులో ఒంటరిగా ఉండే ఈ నెల్లూరు చుక్కకే 'లోన్ స్టార్' అన్న పేరు, ఒంటరి నక్షత్రం. మరుసటి జనవరి ఒకటిన, 1854లో, మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు నుంచి వాళ్లతో వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులు, అందులో జూలియా అనే ఆమె, తెల్లవారుజామున ఒంగోలులో ఈ కొండెక్కి ప్రార్థించారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని.

వాళ్లు అడిగిన ఆ మనిషి, మిషనరీ క్లౌ దొర, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో 1862లో మళ్లీ మూసేద్దామన్నారు, అప్పుడు జూయెట్ ఎవరూ పంపకపోయినా నేను వెళ్తానన్నాడంటారు. తర్వాత 1876-78 కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి, తిండి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు వంతులు వేసుకుని.

ప్రతి జనవరిలో ఈ కథ చెప్తారు, 1854 అనగానే 2,222 అనేస్తారు. ఆ రెంటి మధ్య ఇరవై నాలుగేళ్లున్నాయి. నేను ఇప్పుడు ఆలోచించేది ఆ ఇరవై నాలుగేళ్ల గురించే. 1859లో జూలియా ఏమనుకుని ఉంటుంది? ఐదేళ్లయింది కొండెక్కి, ఏమీ కాలేదు. 1861? ఇంకో సంగతి, నదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బయట పెట్టిన జనం, ఆపైన కరువు చూసినవాళ్లు. కొండ మీద ప్రార్థించినవాళ్లది ఎదురుచూపైతే వీళ్లది ఏమిటి? ఎన్ని తరాల ఎదురుచూపు? కరువులో పోయినవాళ్లు ఆ నది దాకా రానేలేదు. దీన్ని ఒట్టి విజయగాథలా చెప్పేస్తుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అయినా కొండంటే నాకు ఇష్టమే, మా అమ్మ చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని ఎక్కించేది. ఈయన ఇప్పుడు ఎక్కలేరు, కింద కూర్చుంటారు, నేనూ కిందే కూర్చుంటాను.

ఈ ఏడాది కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దాన కార్డుల పళ్లెం మా దగ్గరకొచ్చినప్పుడు ఈయనకు యిర్మీయా 29:11 వచ్చింది. అందరికీ కంఠతా వచ్చిన వచనమే, సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావని. పక్కనున్నవాళ్లు "ఈ ఏడాది అయిపోతుంది బ్రదర్" అని భుజం తట్టారు. ఇంటికొచ్చి అధ్యాయం మొత్తం చదివాం. ముందు వచనంలోనే ఉంది, బబులోనులో చెర డెబ్బై సంవత్సరాలు అని. కార్డు మీద అది వెయ్యరు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అన్నీ తిరిగొచ్చేస్తాయని చెప్తాడు. జనానికి ఆ మాటే తియ్యగా ఉండి ఉంటుంది, నాకైతే కచ్చితంగా ఉండేది. అది అబద్ధమని యిర్మీయా చెప్పాల్సి వచ్చింది. చెరలో ఉన్నవాళ్లకు ఆయన ఉత్తరంలో ఏం రాశాడంటే, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి.

అది చదివాక ఈయన ఇల్లంతా ఒకసారి కలయజూశారు. మూడేళ్లుగా మా ఇంట్లో ప్రతిదానికీ ఒకటే మాట, "బాగయ్యాక." సున్నం వేయించడం బాగయ్యాక. అమ్మాయికి సైకిలు బాగయ్యాక. చుట్టాల్ని పిలవడం బాగయ్యాక. హాల్లో ఫ్యాను రెక్క వంకర కూడా బాగయ్యాకే. సంక్రాంతి సెలవుల్లో సున్నం వేయించాం. సైకిలు సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాం. మేడ మీద రెండు పాత బకెట్లలో సొర పాదు పెట్టాను, వాడిన నీళ్లు దానికి పోస్తాను. నీళ్లు పోస్తున్నప్పుడు ఆయన పక్కకొచ్చి నిలబడి చూస్తారు, మొక్కయినా కడుపునిండా తాగనీ అంటారు. ఫ్యాను మాత్రం ఇంకా బాగుచేయించలేదు.

ఇప్పుడు శుక్రవారం రాత్రి పదకొండు. రేపు మొదటి షిఫ్టు, నాలుగున్నరకు లేవాలి. ఇది టైప్ చేస్తుంటే లోపల్నుంచి "ఇంకా పడుకోలేదా నువ్వు" అంటున్నారు. వెళ్లి ఎడమ చేతి మీద చెయ్యి పెట్టి చూశాను.

"ఆడుతోందా?"

"ఆ, ఆడుతోంది. పడుకోండి."